పెళ్ళి కాకుండానే వచ్చిన విధవరాండ్ర చీర

క్రిస్మస్‌కు ముందు మా సంఘంలో విధవరాండ్రకు చీరలు పంచుతారు. ఆ చీరలకు ఫాల్ కుట్టేది నేనే. గార్మెంట్ ఫ్యాక్టరీలో బట్టలకు మిగిలిన దారాలు కత్తిరించడమే ఒకప్పుడు నా ఉద్యోగం. అక్కడ రిటైరయ్యాక బెంగళూరు పక్కన చందాపురలో నా ఒంటిగది వాటాలో కుట్టుమిషను పెట్టుకుని ఈ పని చేస్తున్నాను. కిందటేడాది పాస్టరు గారి భార్య చీరల మూట మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. మేమంతా ఆవిడను అమ్మగారంటాం, వయసులో నాకు కూతురంత. ఆయాసం తీర్చుకుని మూట విప్పింది. లేత ఊదారంగు చీరలు, అంచున చిన్న తెల్లపూలు. బాగున్నాయి. మా సంఘంలో విధవరాండ్రు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, అందరి ఇళ్ళలోనూ కాఫీ తాగినదాన్నే. చీర ఒకటి ఎక్కువుంది.

"ఒగటి ఎక్కువొచ్చిండాదమ్మా. అంగడాయన చూసుకోకుండా పెట్టినట్టుండాడు," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూడకుండా కుట్టుమిషను చక్రం వైపు చూసింది. "అది మీదే ఆంటీ."

"నాదా?"

"ఈ ఏడాది నుంచి పాస్టరయ్యగారు మిమ్మల్ని విధవరాండ్ర కూడికలోకి మార్చారండి."

నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. "నా మొగుడు ఎప్పుడు పోయినాడమ్మా? నాకెవురూ చెప్పనే లేదే. మట్టి చేసేటప్పుడన్నా పిలిచుంటే వచ్చుంటానే, సుమ్నే, ఊరికే ఇంట్లో కూర్చోనుంటి."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పాపం, పాస్టరు గారి మీద నవ్వినట్టవుతుందని. తర్వాత అసలు సంగతి చెప్పింది. మా పాస్టరు గారు కొత్తగా వచ్చిన కుర్రాయన, గుంటూరు వైపు. ఏ పని చేసినా క్రమంగా చేయాలంటాడు. వచ్చీ రాగానే సంఘాన్నంతా వరుసలో పెట్టాడు. పెళ్ళి కానివాళ్ళు ముప్పై అయిదు దాటేదాకా యవ్వనస్థులు. పెళ్ళైనవాళ్ళు దంపతులు. భర్త లేని స్త్రీలు విధవరాండ్రు. నాకు భర్త లేడు. కాబట్టి చీర నాది.

"మీకు మాత్రం భర్త ఉన్నారా ఆంటీ?" అంది ఆవిడ, నన్ను ఒప్పించడానికి.

"లేడు. అట్లని చచ్చినాడంటే ఎట్లమ్మా? పుట్టినాడో లేదో కూడా తెలీదు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అప్పటిదాకా నేను ప్రతి శనివారం ప్రార్థనకు కలిసే యవ్వనస్థుల కూడికలో ఉండేదాన్ని. అరవై దాటిన మనిషి యవ్వనస్థుల్లో ఏం చేస్తోందని మీరు నవ్వవచ్చు. మా సంఘంలో మాత్రం అది ఎవరికీ వింతగా ఉండేది కాదు.

మా కూడికల్లో ఒక పద్ధతి ఉంది. అందరూ గుండ్రంగా కూర్చుని, బైబిల్లో ఒక అధ్యాయం తీసి, తలా ఒక వచనం చదువుకుంటూ పోతారు. పూర్వం నేను వెళ్ళే స్త్రీల కూడికలో నా వంతు వచ్చేసరికి నాకు దగ్గొచ్చేది. ఇంకోసారి దాహం వేసేది. ఒకసారి పక్కింటివాళ్ళ పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళాను. పక్కింట్లో ఆవేళ ఎవరూ లేరు. నాకు అక్షరం ముక్క రాదని స్త్రీలందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవారు కాదు. ఆ మర్యాదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. నలభై దాటిన తర్వాత ఒక ఆదివారం పొద్దున తిన్నగా వెళ్ళి సండే స్కూలు పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాను. వాళ్ళకు పలకలున్నాయి, నేనొకటి కొనుక్కున్నాను. పిల్లలు నన్ను అవ్వా అనలేదు, ఆంటీ అనలేదు. నాకు 'ణ' రాయడం రాదని నెత్తిన మొట్టారు. అంత బాగా నాకు ఎవరూ చదువు చెప్పలేదు.

ఆ పిల్లలు పెరిగి యవ్వనస్థుల కూడికలోకి వెళ్ళినప్పుడు వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. ఇంకెక్కడికి వెళతాను, నా తరగతి వాళ్ళది. తర్వాత వాళ్ళకు ఒక్కొక్కరికే పెళ్ళిళ్ళయ్యాయి. మాలో పెళ్ళి కాగానే జంటను ముందుకు పిలిచి ప్రార్థన చేసి, ఆ శనివారం నుంచి దంపతుల కూడికలోకి పంపేస్తారు. నా తరగతి మొత్తం పాసై వెళ్ళిపోయింది. నేనొక్కదాన్నే అదే క్లాసులో ఉండిపోయాను. కొత్త పిల్లలు వచ్చారు, వాళ్ళూ వెళ్ళారు. శనివారం సాయంత్రం గిటారు, టీ, బిస్కట్లు, వాటి మధ్య నేను.

పెళ్ళెందుకు చేసుకోలేదని అడుగుతారు. చేసుకోవాలని తోచిన వయసులో వచ్చినవాళ్ళు నాకు నచ్చలేదు. ఒకాయన నచ్చాడు కానీ ఆయనకు అప్పటికే పెళ్ళాం ఉంది, కాబట్టి అది అక్కడే ఆపాను. ఆ తర్వాత ఫ్యాక్టరీ, అన్న పిల్లలు, వాళ్ళ జ్వరాలు, ఇలా గడిచిపోయింది. పెద్ద త్యాగమేమీ కాదు. దేవుని సేవ కోసం ఒంటరిగా ఉండిపోయిందని ఒక ప్రసంగంలో నా గురించి చెప్పారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నాకు తెలియకుండా నేనెప్పుడు ఇంత గొప్పదాన్నయ్యానా అనుకున్నాను.

దానికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఇంకొకటుంది. "దిగులు పడకమ్మా, దేవుడు నీ కోసం ఒకరిని సిద్ధపరుస్తున్నాడు." నా ఇరవైల్లో విన్నాను, ముప్పైల్లో విన్నాను. ఇన్నేళ్ళుగా ఇంకా సిద్ధపరుస్తూనే ఉన్నాడంటే ఆ మనిషి ఎంత మొండివాడో. దొరికితే నేనైతే వద్దంటాను. దేవుడికే లొంగనివాడు నా మాట వింటాడా?

ఒంటరితనం ఉండదని అబద్ధం చెప్పను. జ్వరమొస్తే వేణ్ణీళ్ళు మనమే కాచుకోవాలి. కొబ్బరికాయ కొడితే సగం చిప్ప పాడవుతుంది. పండుగ రోజు వండిన కూర నాలుగు రోజులు మనల్నే చూస్తుంది. కానీ ఇంట్లో దేవుడితో గట్టిగా మాట్లాడుకోవచ్చు, అదొక సుఖం. పూర్వం పక్కవాళ్ళు నాకు మతి చెడిందనుకునేవారు. ఇప్పుడు ఊరంతా చెవుల్లో ఏదో పెట్టుకుని ఒంటరిగా మాట్లాడుతూ తిరుగుతున్నారు కాబట్టి నన్నెవరూ పట్టించుకోవడం లేదు.

నా సంగతి సరే. చీరైతే చీర, తీసుకుని ఊరుకునేదాన్నేమో. ఊరుకోనివ్వనిది ఆ పిల్ల.

కాకినాడ పిల్ల. మహదేవపురలో కంప్యూటరు ఉద్యోగం, అద్దె తక్కువని చందాపురలో ఫ్లాటు తీసుకుని రోజూ స్కూటరు మీద ఆ ట్రాఫిక్కులో పోయొస్తుంది. శనివారం కూడికలో నా ఎడమపక్కన కూర్చుంటుంది. వంతు చదువులో నా తర్వాతి వచనం ఎప్పుడూ దానిదే. నేను ఎక్కడైనా ఒత్తు దగ్గర ఆగిపోతే అందివ్వదు, ఆగుతుంది. అందుకే నాకు దానిపక్కన కూర్చోవడం ఇష్టం. ఆ మధ్యే దానికి ముప్పై ఆరు వచ్చాయి.

అమ్మగారు మూట పెట్టి వెళ్ళిన సాయంత్రమే అది హెల్మెట్ చేతిలో పట్టుకుని వచ్చి నా మంచం మీద కూలబడింది.

"ఆంటీ, నేను కూడా అవుట్. ఏజ్ లిమిట్ దాటేశానంట."

"అయితే నిన్ను ఎందులో వేసినారు? నీక్కూడా చీరుండాదా?"

"నాకు చీర లేదు, సంబంధం ఉంది." నవ్వింది కానీ అది నవ్వు కాదు. "అత్తిబెలెలో అంట. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, వాళ్ళ సంఘంలో మంచి పేరంట. అమ్మగారే చూశారు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మన హాల్లోనే చూపులు. మా అమ్మావాళ్ళు కాకినాడ నుంచి రాలేరు, మా తరఫున మీరు కూర్చోవాలి. నేను ఓకే చెప్పేస్తాను ఆంటీ. ఫిక్సయిపోయాను."

"మనిషి నచ్చినాడా?"

"ఫోన్లో మాట్లాడాను. బ్యాడేం కాదు."

"బ్యాడు కాదంటే ఏమి? చెడిపోని సాంబారు గురించి చెప్పినట్టు చెప్తాండావే."

అది హెల్మెట్ పట్టీ లాగుతూ కూర్చుంది. తర్వాత అంది: "విసుగొచ్చేసింది ఆంటీ. ప్రతి కూడికలో నా పెళ్ళి కోసం ప్రార్థన. నేను లేనప్పుడు కూడా చేస్తారంట. ఇప్పుడు కూర్చోడానికి చోటు కూడా లేదు. పెళ్ళి చేసుకుంటే దంపతుల్లో పడతాను కదా, ఒక చోటంటూ ఉంటుంది. కాదంటే ఇక సంఘానికి రాలేను. ఏ మొహం పెట్టుకుని వస్తాను?"

"కూర్చునేదానికి చోటు కావాలంటే అంగట్లో ప్లాస్టిక్ కుర్చీ దొరుకుతాది. దానికి మొగుడెందుకు?"

ఆ మాట అన్నాక అది నవ్వలేదు. నాకూ నవ్వు పోయింది. నేనైతే ఎవరేమన్నా అదే చాప మీద కూర్చున్నదాన్ని, మొండిదాన్ని. అందరూ నాలాగా ఉండాలంటే ఎలా? ఆ రాత్రి దేవుడితో గట్టిగానే మాట్లాడాను. ఈ పిల్లకు మొగుణ్ణివ్వు, ఇవ్వకపో, అది నీ ఇష్టం. దాని చోటు మాత్రం దానికి ఉండనీ అన్నాను.

ఆదివారం హాల్లో బల్లలు ఎదురెదురుగా వేశారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అత్తిబెలె అబ్బాయి తెల్ల చొక్కా, నలభై దగ్గర పడుతున్న మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పక్కన వాళ్ళమ్మ. ఆవిడ బెంగళూరులోనే పుట్టి పెరిగిన మావంటి మనిషే.

"ఏమమ్మా, పాటలు పాడతావా?" అని మొదలుపెట్టింది ఆవిడ.

"కోరస్‌లో పాడతానండి."

"ముద్ద కెలికేది వస్తాదా? మావాడికి దినమూ రాగిముద్ద కావాల."

"కుక్కర్లో అన్నం వస్తుందండి."

"నేర్చుకుంటాది లే," అని ఆవిడే జవాబు చెప్పుకుంది. "ఆఫీసు దూరం కదా. ఉద్యోగం సంగతి పెళ్ళైనాక చూసుకోవచ్చు."

ఆ పిల్ల తల ఊపుతోంది. ప్రతిదానికీ ఊపుతోంది. కూడికలో లెక్కలేనన్ని ప్రశ్నలు వేసి పాస్టరు గారికి చెమటలు పట్టించే పిల్ల అది. ఆ ఊపుడు చూస్తే నాకు ఒళ్ళు మండింది. అబ్బాయి వైపు తిరిగాను.

"అప్పా, నేను ఉన్నది ఉన్నట్టు అడుగుతా, కోపం చేసుకోవద్దు. నీకు ఈ పిల్ల కావాల్నా, పెళ్ళి కావాల్నా?"

"ఆంటీ!" అంది అమ్మగారు. పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. అబ్బాయి వాళ్ళమ్మను చూశాడు, నన్ను చూశాడు, చివరికి తన మోకాళ్ళను చూసుకున్నాడు.

"నిజం చెప్పల్నా ఆంటీ?"

"చర్చిలో కూర్చోని ఇంకేం చెప్తావప్పా?"

"మా సంఘంలో యవ్వనస్థుల్లో నేనే పెద్దోణ్ణి," అన్నాడు మెల్లిగా. "స్పీకర్లు ఆటోలోకి ఎక్కించేది నేనే, దించేది నేనే. క్రిస్మస్‌కి స్టార్ కట్టేదానికి గోపురం ఎక్కేది నేనే. నడుము పట్టేసిండాది. పెళ్ళైనోళ్ళనెవురూ ఎక్కమనరు. పెళ్ళైతే..." అని ఆగిపోయాడు.

"పెళ్ళైతే స్పీకర్లు మోసేది తప్పుతాదని వచ్చినావా?"

"అదొగటే కాదు ఆంటీ," అన్నాడు కంగారుగా. "అదీ ఉండాది."

ముందు నవ్వింది ఆ పిల్లే. అణచుకుందామని చూసింది, ముక్కులోంచి వచ్చింది. అతను తలెత్తి చూశాడు, అతనూ నవ్వాడు. వాళ్ళిద్దరూ ఆ మధ్యాహ్నం ఒకరినొకరు చూసుకున్నది అదే మొదటిసారి. "నేను కూర్చోడానికి చోటు కోసం వచ్చానండి," అంది ఆ పిల్ల అతనితో. "మీరు నడుము కోసం వచ్చారు." తర్వాత నవ్వాపి, అతని తల్లి వైపు తిరిగి చేతులు జోడించింది. "నన్ను క్షమించండి. ఇలా ఒప్పుకుంటే మీ అబ్బాయిని మోసం చేసినట్టవుతుంది. నేను ఔనని చెప్పలేను."

ఆవిడకు కోపమొచ్చింది, రాకేం చేస్తుంది. "ఉపవాసముండి ప్రార్థన చేసి వచ్చినాం కదమ్మా," అంది. "అయితే నాలుగు ముద్దలు ఊట చేసి పోదాం రామ్మా, ఉపవాసమన్నా తీరుతాది," అని కొడుకే ఆవిడను లేవదీశాడు. ఆ మాటతో అతని మీద నాకు గౌరవం కలిగింది.

ఆ పిల్ల మాత్రం భోజనానికి ఆగలేదు. స్కూటరు దగ్గర నా చేయి పట్టుకుని, "థ్యాంక్స్ ఆంటీ. కానీ ఇక శనివారాలు రాను. నన్ను పిలవకండి, ప్లీజ్," అని వెళ్ళిపోయింది.

నేను తిరిగొచ్చి పాస్టరు గారి ఎదురుగా కూర్చున్నాను. ఆయన విస్తరి ముందు పెట్టుకుని తినకుండా ఉన్నారు.

"ఆ పిల్ల ఇంక రాదంట అయ్యగారూ."

"నేను మంచికే చేశానమ్మా," అన్నారు. నిజంగానే బాధపడుతున్నారు. "ఒకే పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఒకచోట కూర్చుంటే ఒకరినొకరు బలపరచుకుంటారని."

"మీరు మంచోళ్ళే. కాదని ఎవురన్నారు? కానీ మీరు మనుషుల్ని కూర్చోబెట్టింది పక్కన ఎవురు లేరో చూసి కదా. పక్కన ఎవురుండారో చూసి కూర్చోబెట్టండి. ఆ పిల్ల పక్కన నేనుంటి. నా పక్కన ఆ పిల్ల ఉండె."

ఆయన విస్తరిలో అన్నం కలపడం మొదలుపెట్టారు. నేనూ ఇంక చాలనుకుని పప్పు కలుపుకున్నాను.

ఆ వారమంతా ఫాల్స్ కుట్టాను. నా వంతు చీరకు కూడా కుట్టాను, పని సగంలో వదిలే అలవాటు లేదు. గురువారం అమ్మగారు వచ్చి మూట కట్టుకుంటూ, ఆ ఒక్క చీర చేతిలో పట్టుకుని నిలబడింది. "దీన్నేం చేద్దాం ఆంటీ?"

"మీరు కట్టుకోండి. మీ రంగుకు బాగుంటాది."

ఆవిడ చేయి చీర మీద నుంచి జరిగింది. "విధవరాండ్ర చీర కదా..."

"చూసినారా," అన్నాను. "మీకు అట్ల అనిపిస్తే నాకెట్ల అనిపించుంటాది?"

ఆవిడ చీరను మూటలో కాకుండా తన సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.

శనివారం సాయంత్రం నేను విధవరాండ్ర గదికి వెళ్ళలేదు. ఎప్పటిలాగే యవ్వనస్థుల చాప మీద నా చోట్లో కూర్చున్నాను. ఎడమపక్క ఖాళీ. గిటారు పిల్లవాడు అక్కడ కూర్చోబోతే, "మనిషుండారప్పా," అన్నాను. లేరని వాడికీ తెలుసు, అయినా పక్కకు జరిగాడు.

పాస్టరు గారు వచ్చారు. ఆయన వెనకాల అమ్మగారు ఊదారంగు చీరలో, అంచున తెల్లపూలతో. నేను చూశానా లేదా అని ఆవిడ చూసింది. చూశాను.

ఆయన నిలబడి, తడబడుతూనే చెప్పారు. ఇక నుంచి యవ్వనస్థులు, దంపతులు, విధవరాండ్రు అని విడివిడి పేర్లుండవట. బుధవారం ఒక కూడిక, శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి. ఎవరికి ఏ రోజు వీలైతే ఆ రోజు రావచ్చు, చీరలు అవసరమున్నవాళ్ళకు ఇస్తారు. "మీరు ఏ వారం అమ్మా?" అని నన్నే అడిగారు.

"శనివారం," అన్నాను. "ఈడ బిస్కట్లు బాగుంటాయి."

ఆ సంగతి పొద్దున్నే తెలిసి ఉంటే ఆ పిల్లకు ఫోను చేసేదాన్ని. అయినా పిలవొద్దని చెప్పింది కదా. చేయాలా వద్దా అని నేను సంచిలో ఫోను వెతుకుతుండగానే వంతు చదువు మొదలైంది. ఆ వారానికి వచ్చిన అధ్యాయం చూడండి, ఎవరికి ఎవరు పుట్టారో చెప్పే వంశావళి! పెళ్ళి కానివాళ్ళమంతా కూర్చుని ఎవరెవరు ఎవరెవరిని కన్నారో వరసగా చదువుతున్నాం. నోరు తిరగని పేర్లు. నా వంతొచ్చింది. ఒక్కొక్క పేరుకు నాలుగైదు అక్షరాలు, ఒత్తు మీద ఒత్తు. నేను వేలు పెట్టి ఒక్కో అక్షరమే పట్టుకుని కదులుతున్నాను. పిల్లలెవరూ తొందరపడలేదు. నా చదువు తెలిసినవాళ్ళు.

సగం వచనంలో ఉండగా కింద స్కూటరు ఆగిన చప్పుడైంది. చందాపురలో స్కూటర్లకేం తక్కువ. అయినా నా చదువు ఇంకా నెమ్మదించింది. ఒక పేరు రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా మొదలుపెట్టాను. "ఆంటీ, అది అయిపోయింది," అంది ఎవరో పిల్ల. "నాకు అర్థం కావల్నా వద్దా?" అన్నాను.

తలుపు దగ్గర హెల్మెట్ కనిపించింది. అది ఎవరి మొహమూ చూడకుండా చెప్పులు విడిచి, నా ఎడమపక్కన ఖాళీలో కూర్చుని, "గిటారోడు మెసేజ్ పెట్టాడు," అని గొణిగింది. దాని పుస్తకం తీసుకోలేదు. నా పుస్తకంలోకే తల వంచింది. నేను ఆగిన చోట ఒక పొడుగాటి పేరుంది. అందివ్వలేదు. ఎప్పటిలాగే ఆగింది.

ఆ పేరు పూర్తి చేశాను. వేలు కింది వచనం మీదికి జరిపి, "ఇంక నీదే," అన్నాను.